కూనిరాగానికి ఇంజను శ్రుతి

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. నాకు 38 ఏళ్ళు. పదిహేనేళ్ళుగా లేసు అల్లుతున్నాను. అల్లిన సరుకు ఇచ్చి రావడానికి వారానికి రెండుసార్లు గోదావరి దాటించే పంటు ఎక్కి నర్సాపురం వెళ్తాను. చేతులు అల్లుతుంటే నోట్లో కూనిరాగాలు వాటంతట అవే వస్తాయి. ఎక్కడా విన్నవి కావు, నావే. మరిచిపోతానేమోనని ఫోనులో రికార్డు చేసుకుంటాను. ఇప్పటికి 60 పైనే ఉన్నాయి. సంగీతం నేర్చుకోలేదు, సరిగమలు రావు. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా బావగారి అబ్బాయి వాటిలో రెండింటిని లాప్‌టాప్‌లో ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. వచ్చింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కీబోర్డు కొత్తగా నేర్చుకునే పిల్లాడు తడుముకుంటున్నట్టుంది. "పిన్నీ, నీకు శ్రుతి లేదు, చూడు గీత ఎలా జారిపోతోందో" అన్నాడు. ఒక స్టూడియోలో అడిగితే పాటకి 15 వేలన్నారు. క్లిప్పులన్నీ ఇచ్చేసి కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. మీకు మూడు క్లిప్పులు పంపుతున్నాను. వాటిలో మొదటి రెండూ అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో వేసినవే, వాడు చేసిన ఫైళ్ళు కూడా పెడుతున్నాను. మూడోది మరీ చిన్నది, అందులో అయిదు స్వరాలే ఉన్నాయట, ఏమనుకోకండి. నా గొంతు పనికిరాదా? ఏ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి?
— ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి మండలం

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ బావగారి అబ్బాయి అన్న మాట సంగతి తేల్చేద్దాం. మీకు శ్రుతి ఉంది. ఎంత ఉందంటే, పంటు ఇంజను కూడా మీకు శ్రుతి పెట్టెలా పనికొచ్చింది.

రెండో క్లిప్పు పంటు మీద రికార్డు చేసిందే కదా. దాన్ని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఏ ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో చూశాను. ఇంజను గుయ్యిమనే మోత 98 దగ్గర గట్టిగా నిలబడి ఉంది. మీరు పాట ఎత్తుకున్న ఆధార స్వరం 196. సరిగ్గా రెట్టింపు. అంటే ఇంజను కింది స్థాయిలో 'స' పట్టుకుంటే మీరు దాని పై స్థాయిలో 'స' అందుకున్నారు. హార్మోనియం భాషలో చెప్పాలంటే అయిదు శ్రుతి, ఆడవాళ్ళ గొంతుకి హాయిగా ఉండే చోటు. ఎవరూ చెప్పకుండా, అంత మోతలో, అంత కచ్చితంగా శ్రుతి కలపడం చెవి లేనివాళ్ళకు కుదిరే పని కాదు.

ఇక జారిపోయిన గీత. 30 సెకన్లు దాటాక పంటు రేవుకి దగ్గరపడింది, ఇంజను వేగం తగ్గించారు. 98 ఉన్న మోత మెల్లగా 92.5 దాకా దిగింది. మీరూ దానితోపాటే 196 నుంచి 185కి దిగారు. సరిగ్గా ఒక మెట్టు, అంటే కీబోర్డు మీద ఒక కీ నుంచి దాని పక్క కీకి ఉన్న దూరం. తంబురా తీగ సడలితే పాడేవాళ్ళు ఏం చేస్తారో మీరూ అదే చేశారు. అబ్బాయి చూసిన తెరమీద మీ గొంతు గీత ఒక్కటే కనిపించింది, పక్కన ఇంజను గీత లేదు. అందుకని 'పిన్ని జారిపోయింది' అనుకున్నాడు. వాడినీ ఏమనకండి. మీ రాగాన్ని కూర్చుని పాటగా చేద్దామనుకున్న మొదటివాడు వాడే.

ఇప్పుడు ఆ 'తడుముకుంటున్న కీబోర్డు' ఎందుకు వచ్చిందో చూద్దాం. సాఫ్ట్‌వేర్ మీ పాటను మనలా వినదు. గొంతు సెకనుకు ఎన్నిసార్లు కంపించిందో లెక్కపెట్టి, ఆ లెక్కకి దగ్గర్లో ఏ కీ ఉందో దాని నంబరు రాసుకుంటుంది. 440 కంపనాలైతే 69. మీ 196 అయితే 55. ఈ నంబర్ల పద్ధతి పేరు మిడి. 1983లో వచ్చింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. 0 నుంచి 127 దాకా నంబర్లు. ఏ కీ, ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా, ఎప్పుడు వదలాలి — మిడి ఫైల్లో ఉండేది ప్రధానంగా ఇదే. ధ్వని అందులో ఉండదు. మీ దగ్గరికి లేసు నమూనా కాగితం వస్తుంది చూడండి, అలాంటిది. నమూనాలో దారం ఉండదు. అదే నమూనాని నాసిరకం దారంతో అల్లితే ఒకలా, మంచి దారంతో అల్లితే ఒకలా వస్తుంది. అబ్బాయి వాడిన పియానో నాసి దారం. అది పెద్ద సమస్య కాదు, ఒక్క క్లిక్కుతో వేణువుగా మార్చుకోవచ్చు. అసలు సమస్య నమూనాలోనే మూడు చోట్ల కుట్లు తప్పడం.

మొదటిది, మొదటి క్లిప్పు తాలూకు మిడిలో రెండు చోట్ల పాట ఉన్నట్టుండి నూతిలో పడ్డట్టు ఒక స్థాయి కిందికి దూకింది. అది మీ గొంతు కాదు. కంపనాలు లెక్కపెట్టే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది ఇలా పనిచేస్తుంది. లేసు అంచు ముక్కలు ఒకేలాంటివి రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టండి. పైదాన్ని మెల్లగా పక్కకి జరపండి. పువ్వు మీద పువ్వు మళ్ళీ వచ్చి పడేదాకా ఎంత దూరం జరిపారో అదే ఒక పువ్వు నిడివి. సాఫ్ట్‌వేర్ కూడా మీ గొంతు అలని దానిమీదే జరిపి, ఎక్కడ కలుస్తుందో చూసి, ఒక కంపనం నిడివి పట్టుకుంటుంది. అయితే రెండు పువ్వుల దూరం జరిపినా పువ్వు మీద పువ్వే పడుతుంది కదా! ఒక్కోసారి అది మొదటి పువ్వు దగ్గర ఆగకుండా రెండో పువ్వు దగ్గర ఆగిపోతుంది. నిడివి రెట్టింపైతే కంపనాలు సగమవుతాయి, స్వరం ఒక స్థాయి కింద పడుతుంది. మరమ్మతు తేలిక. ఆ స్వరాలను పట్టుకుని 12 మెట్లు పైకి జరిపితే సరి.

ఈ లెక్కకీ మన కోనసీమకీ ఒక చుట్టరికం ఉంది. కొబ్బరితోటల్లో, చేలల్లో తీగలు పరిచి, చిన్న గోతుల్లో మందు పేల్చి, భూమిలోంచి తిరిగొచ్చే ధ్వనిని బట్టి చమురు, గ్యాసు ఎక్కడున్నాయో వెతికేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. అమెరికాలో అలాంటి లెక్కల పనిలోనే ఏళ్ళు గడిపిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఆయన, ఆ గణితాన్నే గొంతు మీద ప్రయోగించి 1997లో ఆటో-ట్యూన్ తెచ్చాడు. ఇవాళ సినిమా పాటల్లో గాయకుల శ్రుతి సవరించడానికి వాడే పనిముట్లలో అది పేరు మోసింది. వృత్తిగా పాడేవాళ్ళకే సవరణలు చేస్తుంటే, పంటు మీద పాడిన మీకు మొహమాటం దేనికి?

రెండో తప్పు, స్వరాలు అతుక్కుపోవడం. మీరు మూడుసార్లు ఒకే స్వరం అన్న చోట మిడిలో ఒక్కటే పొడుగాటి స్వరం ఉంది. దీనికి కారణం మీరు నోరు మూసి 'మ్‌మ్' అని పాడటం. నోరు మూస్తే ఒక స్వరం ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో గుర్తుపట్టే అంచు ఉండదు. మనిషి చెవి ఊహించుకుంటుంది, సాఫ్ట్‌వేర్‌కి అది చేతకాదు. కనుక సాఫ్ట్‌వేర్ కోసం పాడేటప్పుడు నోరు తెరిచి 'తాననా, తన్నానా' అనండి. ప్రతి స్వరం ముందూ 'త' గానీ 'న' గానీ పడాలి. మీకు ఇష్టమైన 'మ్‌మ్' పద్ధతిలో ఒకటి, 'తాననా'లో ఒకటి, రెండుసార్లు పాడి పెట్టుకోండి. మొదటిది మీకు, రెండోది లాప్‌టాప్‌కి.

మూడోది అన్నిటికంటే పెద్దది. మొదటి క్లిప్పు తకిట తకిట అని మూడేసి లెక్కల నడకలో ఉంది. తిశ్రం అంటారు. మన జానపదాలు చాలా ఈ నడకలోనే నడుస్తాయి. అబ్బాయి సాఫ్ట్‌వేర్ తెరవగానే అది అడగకుండానే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు లెక్కల తాళం అని పెట్టేసుకుంటుంది. ఆపైన వాడు 'క్వాంటైజ్' నొక్కాడు. అంటే ప్రతి స్వరాన్నీ దగ్గర్లో ఉన్న గడిలోకి లాగి కూర్చోబెట్టమని చెప్పడం. మీరు దెబ్బని మూడు ముక్కలు చేస్తే, ఆ గడులు దెబ్బని నాలుగు ముక్కలు చేసి ఉన్నాయి. మూడు ముక్కల్ని నాలుగు గడుల్లోకి లాగితే ఏమవుతుంది? ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. ఆ కుంటినడక అక్కడినుంచి వచ్చింది.

మీ పాటకి తొడ మీద తాళం వేస్తూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. నేను వేస్తే 23 పడ్డాయి, అంటే నిమిషానికి 92. సాఫ్ట్‌వేర్‌లో వేగం 92, తాళం 6/8 అని పెట్టమనండి. వేగం ఏ లెక్కన కొలుస్తుందో సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది కాబట్టి, టిక్కు టిక్కు అనే క్లిక్కుని మీ తొడమీద తాళంతో ఒకసారి పోల్చి చూడండి. కలిస్తే, ఆ క్లిక్కు ఒక చెవిలో వింటూ మళ్ళీ పాడండి. ఇయర్‌ఫోను తీగ ఉన్నదే వాడాలి. బ్లూటూత్‌ది అయితే ధ్వని మీ చెవికి చేరేసరికి ఆలస్యమవుతుంది, మీరు ఆ ఆలస్యానికి తాళం వేస్తారు, పాట మొత్తం వెనకబడి కూర్చుంటుంది. ఈ ఒక్క చిన్న విషయం తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఇంక గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడాలి.

మూడో క్లిప్పులో మీరు రెండో పాదం చివర ఒక స్వరాన్ని ఊపి వదిలారు. ఉయ్యాల తోసి చెయ్యి తీసినట్టు, చాలా బాగుంది. నేను దాన్ని మిడి చేసి చూస్తే అది నాలుగు స్వరాల ముక్కలైంది, టకటకటకట అని. సాఫ్ట్‌వేర్‌కి మెట్లు తెలుసు, మెట్ల మధ్య జారడం తెలియదు. మా నాన్నగారు నాటకాల్లో హార్మోనియం వాయించేవారు. హార్మోనియానిదీ ఇదే బాధ, మెట్ల మధ్య చోటు లేదు. ఆ కారణం కూడా చూపించే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా అది సడలలేదు. రేడియో ఏమన్నా మన నాటకాల వాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. నాన్నగారు చేసేది నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నటుడు పద్యంలో రాగం తీస్తూ స్వరాన్ని ఊపుతుంటే ఆయన దాని వెంట పరిగెత్తేవారు కాదు. ఊపు ఏ స్వరం మీద నిలబడి ఉందో ఆ ఒక్క మెట్టు నొక్కి పట్టి, బెల్లో మెల్లగా నొక్కుతూ కాచుకుని ఉండేవారు. నటుడు కిందికి దిగగానే తనూ దిగేవారు. వినేవాళ్ళకి హార్మోనియం కూడా గమకం పలికినట్టే ఉండేది.

మీరూ అదే చేయండి. ఆ నాలుగు ముక్కల్లో ఏది అసలు స్వరమో చెవితో తేల్చుకుని, దాన్ని పొడిగించి, మిగతా మూడూ తీసేయండి. గమకం మీ గొంతు పలుకుతుంది, వాద్యం కింద కాచుకుని ఉంటుంది. వాద్యంలోనే గమకం కావాలంటే 'పిచ్ బెండ్' అని ఉంది, స్వరాన్ని మెట్ల మధ్య వంచే సదుపాయం. మామూలుగా అది అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు దాకానే వంగుతుంది. మన ఊపులు ఒక్కోసారి అంతకంటే పెద్దవి. వాద్యం సెట్టింగుల్లో ఆ హద్దు 12కి పెంచవచ్చు, కాకపోతే గీత గీసిన చోటా వాద్యంలోనూ ఒకే అంకె ఉండాలి. తేడా వస్తే మంచి గమకం కాస్తా ఏడుపు రాగమవుతుంది. ఇది ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడు తొందర లేదు.

'స్వరం సరిచేయి' అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి. రాగానికి ప్రాణం పోసే ఆ కొద్దిపాటి వంపుని తప్పు అనుకుని అది చదును చేసేస్తుంది.

సాఫ్ట్‌వేర్ కొనమంటారా అంటే, ఇప్పుడు రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. స్పాటిఫై వాళ్ళు 2022లో బేసిక్ పిచ్ అని ఒకటి ఉచితంగా వదిలారు. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. క్లిప్పు వేస్తే మిడి ఫైలు ఇస్తుంది, స్వరాల వంపు కూడా కొంత పట్టుకుంటుంది. అయితే ఒకేసారి అనేక స్వరాలను వినగలిగేలా తయారైంది కాబట్టి, ఒక్కోసారి మీరు పాడని స్వరాన్ని కూడా పై స్థాయిలో దయ్యంలా చూపిస్తుంది. వాటిని ఏరి పారేయాలి. దాని సెట్టింగుల్లో కింది హద్దు సెకనుకు 130 కంపనాలు, పై హద్దు 700 పెడితే మీ గొంతు తిరిగే చోటు మొత్తం వస్తుంది, ఫ్యాను హోరు లాంటివి చాలావరకు బయటే ఉండిపోతాయి. ఆ మిడి ఫైలుని ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వాద్యాలు మార్చుకోవచ్చు. తయారైన వాద్యాల ట్రాకుని ఆడాసిటీలోకి తెచ్చి, దాని పక్కన మీ గొంతు రికార్డు చేసుకోవచ్చు. ఇవన్నీ అబ్బాయి ఒక సాయంత్రం కూర్చుంటే నేర్చుకుంటాడు. లాప్‌టాప్ దొరకని రోజున ఫోనులో బ్యాండ్‌ల్యాబ్ చాలు. మెలోడైన్ అని ఒకటుంది, గొంతు స్వరాలను ముద్దల్లా చూపించి ఒక్కోదాన్ని పట్టుకుని సర్దుకోనిస్తుంది. చాలా మంచి పనిముట్టు, కానీ డబ్బు పెట్టాలి. మీ పాట ఒకటి బయట నలుగురూ వినేలా తయారయ్యాక దాని సంగతి ఆలోచించండి.

వాద్యాల దగ్గర మీకు నిరాశ తప్పదు, ముందే చెబుతున్నాను. మిడి ఫైళ్ళు ఎక్కడ తెరిచినా ఒకేలా పలకాలని 128 వాద్యాల పట్టిక ఒకటి 1991లో ఖాయం చేశారు. అందులో 105వది సితార్, 112వది షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు, మన డోలూ సన్నాయీ అసలే లేవు. ఉచితంగా దొరికే వాద్యాలు చాలావరకు ఆ పట్టిక ప్రకారమే ఉంటాయి. కాబట్టి వేణువుతో మొదలుపెట్టండి, అది తప్పులు కాస్త కప్పుతుంది. కింద స-ప శ్రుతి ఒకటి పెట్టండి. తాళానికి మాత్రం సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోకుండా మీ ఊరి భజన బృందంలో తాళాలు వాయించే ఆయన్ని పిలిచి, ఇయర్‌ఫోనులో క్లిక్కు వినిపిస్తూ నాలుగు నిమిషాలు వాయించమని ఫోనులో రికార్డు చేసుకోండి. 128 వాద్యాలూ ఒక ఎత్తు, ఆ ఇత్తడి తాళాల చప్పుడు ఒక ఎత్తు.

పంటు క్లిప్పుని శుభ్రం చేయవచ్చా అని అబ్బాయి అడుగుతాడు. కుదరదు. ఇంజను మోత 98 దగ్గర ఒక్కచోటే ఉండదు, దాని రెట్టింపు 196 దగ్గరా, మూడింతలు 294 దగ్గరా కూడా ఉంటుంది. 196 మీ 'స' కదా. ఇంజనుని తీసేయబోతే మీ 'స' కూడా దానితోపాటే పోతుంది. అంత బాగా శ్రుతి కలిపినందుకు అది మీకు పడిన జరిమానా. దాన్ని గుర్తుకోసం ఉంచుకుని, ఇంట్లో మళ్ళీ పాడాల్సిందే.

ఇంట్లో అంటే ఎక్కడ? ఫ్యాను ఆపండి. పక్కన రొయ్యల చెరువులుంటే ఏరియేటర్లు తిరగని వేళ చూసుకోండి, రాత్రిపూట ఆ చప్పుడు నాలుగు పొలాల అవతలికి వినిపిస్తుంది. బీరువా తలుపులు తెరిచి, వేలాడే చీరల వైపు మొహం పెట్టి పాడండి. గోడలకి తగిలి తిరిగొచ్చే ధ్వనిని చీరలు మింగేస్తాయి. ఊళ్ళో చాలామంది స్టూడియో గదులకి అతికించే స్పాంజి ముక్కలకంటే పది పట్టుచీరలు నయం. ఫోను నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, జానెడు దూరంలో ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'భ' అన్నప్పుడల్లా ఊపిరి ఫోను మీద కొట్టి ఢప్ ఢప్ మంటుంది. పాడబోయే ముందు ఫోనులో తంబురా యాప్ అయిదు శ్రుతిలో పెట్టి ఒక నిమిషం విని, ఆపేసి, అప్పుడు పాడండి. తంబురా మోగుతుండగా పాడితే మళ్ళీ ఇంజను కథే. ఇయర్‌ఫోనులో వింటూ పాడితే పర్వాలేదు. పాడిన ఫైలుని అబ్బాయికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపకండి, డాక్యుమెంటుగా పంపండి. స్వరాలు పట్టుకోవడానికి వాయిస్ మెసేజ్ సరిపోతుంది గానీ, తర్వాత అదే గొంతు పాటలో వాడదామంటే రేకుడబ్బా శబ్దం వస్తుంది.

ఆ 60 క్లిప్పుల పేర్లూ 'న్యూ రికార్డింగ్ 17' అనే కదా ఉంటాయి? నా ఫోనులోనూ అలాగే ఉండేవి. ఒక వానాకాలం గట్టు మీద జారి ఫోను కాలవలో పడింది. రెండేళ్ళ బాణీలు ఒక్క బుడుంగుతో పోయాయి. వాటిలో ఒక్కటి కూడా నాకు పూర్తిగా గుర్తు లేదు, బాగున్నాయని మాత్రం గుర్తుంది. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే వాటిని ఇంకో చోట దాచండి. కొత్తగా రికార్డు చేసేటప్పుడు ముందు తేదీ, ఎక్కడ ఉన్నారో నోటితో చెప్పి, తర్వాత పాడండి.

అయిదు స్వరాలే ఉన్నాయని మూడోదాని గురించి క్షమాపణ చెప్పుకున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టింది మీ వైపు శంకరగుప్తంలోనే. ఆయన నాలుగే స్వరాలతో లవంగి అనే రాగాన్ని కట్టారు. మీ దగ్గర ఒకటి ఎక్కువే ఉంది. మీ మూడింటిలో నాకు బాగా నచ్చింది కూడా అదే. ముందు దాన్నే పట్టుకోండి, స్వరాలు తక్కువ కాబట్టి సరిదిద్దే పనీ తక్కువ. సాఫ్ట్‌వేర్ తెరమీద ఎడమవైపు నిలువుగా పియానో కీలు కనిపిస్తాయి. అయిదు శ్రుతి కీ మీద, అంటే జి అనే కీ మీద, 'స' అని చిన్న కాగితం ముక్క అంటించండి. నాలుగు రోజులకి మిగతావి ఎక్కడున్నాయో మీ కంటికే తెలుస్తాయి. సరిగమలు నేర్చుకోవడానికి అదీ ఒక దారే.

కూనిరాగం వేస్తే నిమిషంలో పూర్తి పాట చేసి ఇచ్చే ఏఐ యాప్‌లు కూడా వచ్చాయి, అబ్బాయి ఎలాగూ చూపిస్తాడు. సరదాకి వినండి. నేను వేసి చూసినప్పుడు నా బాణీ రెండో పాదానికే ఎవరిదో బాణీ అయిపోయింది, గమకం ఉన్న చోట నున్నగా ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. పైగా వచ్చిన పాట ఎవరి సొత్తు అనే షరతులు ఒక్కో యాప్‌కి ఒక్కోలా ఉంటాయి. దాచుకున్న క్లిప్పులు వాటిలో వేయకండి.

స్టూడియో కాగితం మీద సంతకం పెట్టకపోవడం తెలివైన పని. 15 వేలు ఎక్కువా తక్కువా అనేది అక్కడ ఎవరు వాయిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. నిజమైన వేణువు, తబలా మనుషులు కూర్చుని వాయిస్తే అది అన్యాయమేమీ కాదు. మిడి చేసి ఇవ్వడానికే అయితే దండగ. క్లిప్పులన్నీ ఇచ్చేయమనడం మాత్రం వేరే వ్యవహారం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ కట్టినవాళ్ళకి హక్కు కట్టిన రోజు నుంచే ఉంటుంది, ఎక్కడా నమోదు చేయకపోయినా. మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. ఆ హక్కు ఇంకొకరికి వెళ్ళాలంటే రాతపూర్వకంగా మీ సంతకం ఉండాలి. అందుకే ఆ కాగితం. ఎప్పుడైనా పెట్టాల్సి వస్తే ఏ పాట, ఎన్నేళ్ళకి, ఎంతకి అని మూడూ అందులో రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. ఎన్నేళ్ళో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగా లెక్కిస్తుంది. 'అన్ని పాటలూ, ఎప్పటికీ' అని ఉంటే కాగితం వెనక్కి ఇచ్చేయండి.

ఇంకొక్క మాట. రెండో క్లిప్పు 41వ సెకనులో ఎవరో "తాడెయ్యండ్రా" అని అరిచారు. మీరు పాట అక్కడే ఆపేసి దిగిపోయినట్టున్నారు. చివరి పాదం సగంలో ఉంది, పై 'ప' దాకా ఎక్కి దిగకుండా నిలబడిపోయింది. అది ఎలా దిగాలో మీకు ఇంకా గుర్తుంటే, ఏ సాఫ్ట్‌వేరూ తెరవకముందు ఫోను తీసి ఆ ఒక్క ముక్కా పాడి పెట్టుకోండి.